అరవై పిల్లలకు ఒక ఎర్ర బల్బు

ఇల్లు తగలబెట్టుకున్నవాళ్ల కథలు మీరు వినే ఉంటారు. నేను అంత పని చేయలేదు. మా అత్తయ్య పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఆస్తిని మాత్రం గదిలో పెట్టి, కరెంటు పెట్టి, ఎంతో శ్రద్ధగా వేయించాను.

ఆస్తంటే పొలం కాదు, మిరపగింజలు. గురజాలలో అత్తయ్య పెరట్లో ఏటా కాసే పచ్చడి మిరప. ఒక ఏడాది వానలకు చెట్లన్నీ కుళ్లిపోయి, పొట్లంలో ఆఖరి గింజలు మిగిలాయి.

"మోకాళ్లు వంగటం లేదే. ఈసారి నారు నువ్వు పొయ్యి. మా అమ్మ దగ్గర్నుంచి వచ్చిన గింజలు, ఇయ్యి పోతే మళ్లీ దొరకవు" అంటూ పొట్లం నా చేతిలో పెట్టారు.

నేనప్పుడు కొత్త కోడల్ని, నరసరావుపేటలో తెలుగు టీచర్ని. మేముండే వాటాలో పట్టపగలే లైటు వేసుకోవాలి. మేడ మీద పెడదామంటే కోతులు. ట్రేలో కొబ్బరి పొట్టు నింపి గదిలోనే నారు పోశాను. అరవై మొలిచాయి! ఆ సంబరంలో వాటిని "పిల్లలు" అని పిలవడం మొదలుపెట్టాను. కొంప ముంచింది ఆ ముద్దే.

వెలుగు చాలక పిల్లల మెడలు సాగిపోయాయి. ఎర్ర వెలుగు మొక్కలకు మంచిదని ఫోనులో చదివి, మోటార్లు, బల్బులు అమ్మే కొట్టుకు పరిగెత్తాను.

"బాబాయ్, మా పిల్లలకి లైటు కావాలి."

"పిల్లలెన్ని?" అన్నాడు కొట్టాయన.

చూశారా! మనుషుల పిల్లలైతే "ఎంతమంది" అనాలి. ఈయన "ఎన్ని" అన్నాడు. అంటే మొక్కలని గ్రహించాడన్నమాట. ఇంత చక్కటి వ్యాకరణం మా స్టాఫ్ రూములో కూడా వినలేదని మురిసిపోయాను.

"అరవై" అన్నాను.

"ఎన్ని రోజులయ్యి?"

"తొమ్మిది."

"కింద ఏం పోశావు?"

"కొబ్బరి పొట్టు."

"మంచి పని చేశావు. చానామంది ఊక పోస్తారు. నీళ్లు తాగుతున్నయ్యా?"

"బాగా తాగుతున్నాయి. కానీ మెడలు వాలిపోతున్నాయి బాబాయ్."

"అది చలమ్మా! బలానికేం పెడుతున్నావు?"

"ఇంకా ఏమీ పెట్టలేదు."

"ఏందీ, తొమ్మిది రోజుల్నుంచి ఖాళీ కడుపా!" అని గుండె మీద చెయ్యేసుకున్నాడు. మొక్క కడుపు గురించి బాధపడే మనిషిని మొదటిసారి చూస్తున్నాను. నా కళ్లు చెమర్చాయి.

ఆయన గుమ్మడికాయంత ఎర్ర బల్బు తీసి ఇచ్చాడు. "మూరెడు ఎత్తున కట్టు. వేడి ఎక్కువైతే అయ్యే పక్కకి జరుగుతయ్యి. అప్పుడు పైకి లాగు."

మొక్కలు వెలుగును బట్టి వంగుతాయని నేనూ చదివానుగా! తలూపాను.

ఇంటికొచ్చి కట్టాను. పొద్దుటికి పిల్లలు ఒక్క అంగుళం జరగలేదు. జరగలేదంటే వేడి చాల్లేదనేగా అర్థం? బల్బును జానెడుకు దించాను. దించి, బడికి వెళ్లి పిల్లలకు, అంటే మనుషుల పిల్లలకు, సంధులు చెప్పాను.

సాయంత్రం వచ్చేసరికి అత్తయ్య ఊరి నుంచి వచ్చి నా కోసం గుమ్మంలో కూర్చుని ఉన్నారు. తలుపు తీయగానే సెగ కొట్టింది.

"ఏందే ఇది, గదిలో పొయ్యి పెట్టావా?"

ఆవిడ ట్రే మీదికి వంగారు. ఎండిపోయిన మొలకను వేలితో తాకి, "మా అమ్మ గింజలే" అన్నారు మెల్లగా. తిట్టినా బాగుండేది. నేను ఏడ్చేశాను. వెతగ్గా వెతగ్గా, వెలుగు సరిగా పడని ఒక మూల నాలుగు పచ్చగా కనిపించాయి.

"ఆ బల్బిచ్చినోడెవడో చూద్దాం పద" అన్నారు అత్తయ్య.

మమ్మల్ని చూడగానే కొట్టాయన లేచాడు. "పిల్లలెట్లా ఉన్నయ్యమ్మా?"

"నాలుగు తప్ప అన్నీ పోయాయి" అన్నాను.

"అయ్యో, ఎంత పనైంది! పోనీలే తల్లీ, ఆ నాలుగిట్లో పుంజులెన్ని, పెట్టలెన్ని?"

అత్తయ్య ఆయన వంక చూసి, నా వంక చూసి, "అయ్యి మిరపమొక్కలు బాబూ" అన్నారు.

"మరి నీళ్లు తాగుతున్నయ్యందే!" అని ఆయన లబోదిబోమన్నాడు.

అత్తయ్య మోటారు పెట్టె మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మోకాళ్ల నొప్పి మరిచిపోయి నవ్వారు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది, అయినా నాకూ నవ్వు ఆగలేదు.

"ఏడవమాకే. గింజలకి ఒక్క చెట్టు చాలు, నాలుగున్నయ్యి" అని, ఆ నాలుగింటినీ ఒళ్లో పెట్టుకుని మర్నాడే గురజాల బస్సెక్కారు. ఎండలో పెడితే నాలుగూ కాశాయి.

ఆ ఏటి పచ్చడి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, కారానికి కళ్లనీళ్లు కారుతుండగా, విస్తరి సాక్షిగా ప్రమాణం చేశాను: బతికున్నంత కాలం మొక్కను మొక్క అనే అంటాను, వ్యాకరణాన్ని బడి గేటు దాటి బయటికి తీసుకురాను.