సముద్రగుప్తుడూ పోలయ్య వలా

ఇట్లా దగ్గరికి జరగండి, చాప మీద ఇంకా చోటుంది. వినేవాళ్లు సుఖంగా కూర్చుంటేనే చెప్పేదానికి నోరు వస్తుంది. ఈ పొద్దున నా పంటి నొప్పికని మా కోడలు తుమ్మచెక్క ఉడకబెట్టింది. గిన్నె మూత తీయగానే ఆ వగరు వాసన ఇల్లంతా కమ్ముకుంది. పుక్కిలించాల్సిన కషాయం చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. మా రంగయ్య అయ్యవారు గుర్తొచ్చారు. ఆయన సుద్దముక్కతో గీసిన చక్రవర్తి గుర్తొచ్చాడు. మా నాయన ఉడకబెట్టిన ఒక వల గుర్తొచ్చింది.

మాది పులికాట్ సరస్సు ఒడ్డున చిన్న కుప్పం, చేపలు పట్టేవాళ్ల పల్లె. అరవైల మొదట్లో మాట, నాకప్పుడు తొమ్మిదేళ్లుంటాయి. అయ్యవారు సూళ్లూరుపేట నుంచి వచ్చి బడి పాకలోనే ఒక మూల కాపురం పెట్టారు. మొదటి నెలంతా చేపల వాసనకు ముక్కుకు కండువా అడ్డం పెట్టుకుని పాఠం చెప్పారు. మూడో నెలకు ఎండు రొయ్యల పులుసు లేనిదే ఆయనకు ముద్ద దిగేది కాదు. చదువురాని మా నాయనకు రోజూ సాయంత్రం ఆనాటి పాఠం అప్పజెప్పడం నాకు అలవాటు. ఆయన వల బాగుచేసుకుంటూ వినేవాడు. నేను కథలు చెప్పడం నేర్చుకున్నది అక్కడే.

ఆ ఏడు రొయ్యల కాలంలో ఒక తగవు వచ్చింది. సరస్సులో రొయ్య దండిగా పడే చోట్లు కొన్నే. ఏ రోజు ఎవరు అక్కడ వల వేయాలో చీట్లు వేసి వంతులు పంచుకుంటారు. ఆ వంతును పాడు అంటాం. కుప్పంలో ఎవరైనా పోతే ఆ రోజు ఎవరూ నీళ్లలోకి దిగరు, వంతులన్నీ ఒక్కో రోజు మర్నాటికి జరుగుతాయి. ఒక ముసలాయన పోయినప్పుడు పోలయ్య అవతలి ఒడ్డున అత్తగారింట్లో ఉన్నాడు. ఆ సంగతి తెలియక, తిరిగొచ్చి, తన లెక్కన తన వంతేనని వల వేశాడు. ఆ రోజు వంతు మా నాయనది. కుప్పానికి పెద్దా మా నాయనే, ఆ పెద్దను కాపు అంటాం. వలను తడిగానే లాక్కొచ్చి మా వాకిట్లో దూలానికి వేలాడదీశాడు. నలుగురిలో సాష్టాంగపడి తప్పు ఒప్పుకుంటేనే వల ఇస్తానన్నాడు. తెలియక వేశాను గానీ దొంగతనంగా వేయలేదు, పడనంటే పడనన్నాడు పోలయ్య. ఆ ఇంటికి ఉన్నది ఆ ఒక్క వల. నూలు వల ఆరేయకుండా తడిగా, ముద్దగా వేలాడితే కుళ్లిపోతుంది. పోలయ్య కూతురు చెంగమ్మ బడిలో నా పక్కనే కూర్చునేది. నాలుగు రోజులుగా గంజి తాగి వస్తోందని దాని మొహం చూస్తేనే తెలిసేది.

అయిదో రోజు అయ్యవారు నల్లబల్ల మీద ఒక మనిషిని గీశారు. ఆసనం మీద కూర్చుని ఒళ్లో వీణ పెట్టుకున్నాడు. ఆయన సముద్రగుప్తుడనీ, ఎన్నో యుద్ధాలు గెలిచిన చక్రవర్తి అయ్యుండి కూడా బంగారు నాణెం మీద వీణతో బొమ్మ వేయించుకున్నాడనీ చెప్పారు. పండితులను చేరదీశాడట, తానూ కవిత్వం చెప్పేవాడట. ఆయన గొప్పంతా ప్రయాగలో ఒక రాతి స్తంభం మీద చెక్కి ఉందట. సైన్యంతో కంచి దాకా వచ్చి, దారిలో పన్నెండుమంది రాజులను ఓడించి, పట్టుకుని, మళ్లీ విడిచిపెట్టాడట. ఎవరి రాజ్యం వాళ్లకు ఇచ్చేశాడట. వాళ్లలో ఒకడిది మన నెల్లూరు సీమేనని కొందరంటారు గానీ ఖాయంగా తెలియదన్నారు.

“ఇచ్చేసేదానికి అంత దూరం ఎందుకొచ్చినట్టు, అయ్యోరా?” అంది చెంగమ్మ.

“గెలవగలనని తెలిసినాక ఇంక ఉంచుకునే పని లేదనుకున్నాడేమో,” అన్నారాయన. ఆ వెంటనే సుద్దముక్క కింద పెట్టారు. “ఉత్తరాది రాజులను మాత్రం వేళ్లతో సహా పెకలించేసినాడు. అదీ ఆ రాతి మీదే ఉంది. ఇంటికిపోయి చెప్పేటప్పుడు ఇది మింగేయొద్దు. సగం కథ చెప్తే విన్నవాణ్ణి మోసం చేసినట్టే.”

బడి వదిలాక, మా నాయనకు ఒక మాట చెప్పమని ఆయన్ను బతిమాలాను. తాను పరాయి ఊరివాణ్ణనీ, కుప్పం తగవులో నోరు పెట్టననీ అన్నారు. “పాఠం చెప్పినా గదా, అమ్మణ్ణీ,” అని మాత్రం అన్నారు.

ఆ సాయంత్రం కథను నాకు కావలసినట్టు మలిచి చెప్పాను. వీణ చెప్పాను, పన్నెండుమందిని చెప్పాను, ఇచ్చేయడం రెండుసార్లు చెప్పాను. నాయన చేతిలో వల అల్లే బద్ద ఆగింది.

“అందరికీ ఇచ్చేసినాడా?”

తలూపితే చాలు, వల వచ్చేస్తుందనిపించింది. చెంగమ్మ మొహం కనబడుతోంది. అయ్యవారి మాటా వినబడుతోంది. “లేదు నాయనా. ఉత్తరాదోళ్లను పెకలించేసినాడంట,” అన్నాను. అన్నాక ఏడుపొచ్చింది.

నాయన దూలం వంక చూశాడు. “అయితే రెండూ చేతనైనోడే,” అన్నాడు. “బొమ్మలో వీణ వాయించేది పెకలించినాకనా, ఇచ్చేసినాకనా?”

నాకు తెలియదన్నాను.

తెల్లవారి లేచేసరికి వాకిట్లో తుమ్మచెక్క వాసన. మా నాయన పెద్ద బానలో పోలయ్య వలను తానే ఉడకబెడుతున్నాడు. ఆ చెక్క రసం పడితే నూలు కుళ్లదు. కుళ్లడం మొదలైన చోటల్లా కోసి, మా నూలుతో అల్లాడు. ఆరాక భుజాన వేసుకుని అందరూ చూస్తుండగా పోలయ్య ఇంటికి నడిచాడు. వెనకాల నేను. పోలయ్య వలను వేళ్లతో నలిపి, వాసన చూశాడు.

“చెక్క తక్కువేసినావే, కాపా.”

“ఈసారి నువ్వే ఉడకేసుకో,” అన్నాడు నాయన. “మళ్లా ఊరికి పోతే మాత్రం చెప్పిపో. ఎవరన్నా పోతే కబురంపిస్తాం.”

ఆ మధ్యాహ్నం బడిలో నాయన అడిగిన ప్రశ్న అయ్యవారికి చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వారు. అది ఏ రాతి మీదా రాసిలేదనీ, ఇన్నాళ్లూ నాణెం చూస్తున్నా ఆ ప్రశ్న తనకు తోచనే లేదనీ అన్నారు. మర్నాటి పాఠంలో ఆ ప్రశ్నను మా నాయన పేరు చెప్పి మరీ పిల్లలందరినీ అడిగారు.

మరుసటి ఏడు మా అమ్మ జబ్బు పడి నా చదువు ఆగిపోయింది. అయ్యవారు ఇంటికొచ్చి, “బడి ఆగితే ఆగనీ, చెప్పడం ఆపొద్దు,” అన్నారు. ఆపలేదు. పిల్లలకూ, మనవలకూ, ఈ చాప మీదికొచ్చిన అందరికీ చెప్తూనే ఉన్నాను. నాకు అనుకూలం కాని సగం దగ్గర ఇప్పటికీ నాలుక తడబడుతుంది. అప్పుడు ఆయన సుద్దముక్క కింద పెట్టిన చప్పుడు వినిపిస్తుంది, మింగకుండా చెప్పేస్తాను.

ఇంక లేవండి, పొద్దు వాలుతోంది. మీ ఇంటి వల నిండుగా రావాలి. మీ దూలానికి ఇంకొకరిది ఏదైనా వేలాడుతుంటే, అది కుళ్లకముందే దించి ఇచ్చే మనసు మీకుండాలి. పిల్లాపాపలతో చల్లగా ఉండండి.