ఏడు కుటుంబాల పూలు

స్వీడన్‌లోని ఉప్సాలాలో మొక్కల మ్యూజియం నుంచి రిటైరైన ఆర్విడ్‌కు మెడలో భూతద్దం వేలాడకపోతే ఒంటిమీద చొక్కా లేనట్టే ఉంటుంది. బస్సు కోసం నిలబడి రాళ్ల సందుల్లోని గడ్డి మీదికి వంగుతాడు, బస్సు వెళ్లిపోతుంది. స్ట్రాబెర్రీ పెడితే, పైన గింజల్లా కనిపించేవే అసలు పండ్లంటూ వాటిని సూదితో తీసి తింటాడు, ఎర్రటి గుజ్జు పళ్లెంలో వదిలేస్తాడు.

మొన్న మిడ్‌సమ్మర్ పండగ సాయంత్రం పక్కింటి సిగ్నె కంచె దగ్గర పూలు కోస్తోంది. భర్త పోయిన అరవయ్యేళ్ల మనిషి. ఆ రాత్రి నోరు మెదపకుండా ఏడు రకాలు కోసి దిండు కింద పెట్టుకుంటే కాబోయేవాడు కలలోకి వస్తాడని అక్కడి నమ్మకం. ఒక్క మాట జారినా అంతా వృథా. ఆర్విడ్ భూతద్దంతో వెంటపడ్డాడు.

"అయ్యయ్యో సిగ్నె, ఈ మూడూ చామంతి కుటుంబమే! పైగా చామంతంటే ఒక్క పువ్వనుకున్నావా? వందల పూల గుంపు. అంతమంది మొగుళ్లొస్తే ఎక్కడ కూర్చోబెడతావ్?"

సిగ్నె పళ్లు కొరికింది కానీ నోరు విప్పలేదు. అతను ఆ మూడూ లాగేసి, వేర్వేరు కుటుంబాలవి వెతికి తెచ్చాడు: గడ్డిపూత, తుంగపూత, తాకితే ఒళ్లు భగ్గున మండే దురదాకు పూత. చేతిరుమాల్లో చుట్టి మరీ ఇచ్చాడు.

మర్నాడు ఆమె చెంప బూరెలా ఉబ్బింది.

"ఎవరైనా వచ్చారా కలలోకి?" అన్నాడు కంచె మీంచి.

"ఇంకెవరొస్తారయ్యా, నువ్వే! తెల్లవార్లూ నా పక్కన కూర్చుని మొక్కల పేర్లు చెబుతూనే ఉన్నావ్."

ఆర్విడ్ చెవుల దాకా ఎర్రబడ్డాడు. భూతద్దం తుడిచాడు, మళ్లీ తుడిచాడు. చివరికి గొంతు తగ్గించి అడిగాడు:

"తప్పులేమైనా చెప్పానా?"