అన్నపూర్ణ చేసిన పేల ఫిర్యాదు

1996లో అమలాపురంలోని ఒక బాలికల హాస్టల్లో ఎనిమిదో తరగతి చదివే అన్నపూర్ణకు ఉన్న స్నేహితురాలు ఒక్కతే, సాయిదుర్గ. ఇద్దరి ట్రంకుపెట్టెలూ పక్కపక్కనే. పి.గన్నవరం నుంచి అన్నపూర్ణ వాళ్ళమ్మ తెచ్చే సున్నుండల్లో పెద్దవన్నీ సాయిదుర్గకే.

దసరా సెలవులయ్యాక ఓడలరేవు నుంచి దివ్య వచ్చి చేరింది. వాళ్ళ నాన్న మస్కట్‌లో డ్రైవరు. దివ్య దగ్గర వాసన వచ్చే రబ్బరుంది, నాలుగు రంగుల పెన్నుంది, అన్నిటికన్నా అన్యాయం, మంచి గుణం కూడా ఉంది. వారం తిరక్కుండా సాయిదుర్గ ఆ పిల్లకు జడ వెయ్యడం మొదలుపెట్టింది.

అన్నపూర్ణ అన్నం మానేద్దామనుకుంది. మొదటిరోజు పులిహోర, రెండోరోజు గుడ్డుకూర అవడంవల్ల కుదరలేదు. మూడోరోజు వార్డెన్ సత్యనారాయణమ్మగారి గదికి వెళ్ళింది.

"దివ్య తలనిండా పేలండి. అందరికీ అంటుకుంటాయని చెప్పడానికొచ్చేనండి."

"నువ్వు చూసేవా?"

"ఆయ్. పాకుతుంటే చూసేనండి."

చూడలేదు. వార్డెన్‌గారు ఆ సాయంత్రం అమ్మాయిలందర్నీ వరండాలో కూర్చోబెట్టి, పేల దువ్వెనతో తలలు దువ్వించారు. దివ్య తల శుభ్రంగా ఉంది. సాయిదుర్గదీ అంతే. అన్నపూర్ణ ఒళ్ళో పరిచిన కాగితం మీద మాత్రం ఏడు పేలు రాలాయి.

"పాకుతుంటే చూసేనన్నావ్, అద్దంలోనా అమ్మాయ్?" అన్నారు వార్డెన్‌గారు.

అందరూ పడీపడీ నవ్వారు. ఫిర్యాదు ఎవరిదో అర్థమైన సాయిదుర్గ మాత్రం లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు తలకు వేపనూనె పట్టించుకుని అన్నపూర్ణ నూతి దగ్గర ఒక్కతే కూర్చుంది. దువ్వెన పట్టుకుని దివ్య వచ్చింది.

"నీకంటుకుంటాయి, పో."

"మా చెల్లికి నేనే తీసేదాన్ని. తల వంచు."

వంచింది. మొహం కనబడకపోయేసరికి ధైర్యమొచ్చి, "నేనే చెప్పేనే వార్డెన్‌గారికి," అంది.

"తెలుసు. కదలకు."

"కోపం రాలేదా?"

"వచ్చింది. అందుకే గట్టిగా దువ్వుతున్నాను."

సాయిదుర్గ మళ్ళీ మాట్లాడడానికి పదిరోజులు పట్టింది. అప్పటికి అన్నపూర్ణా దివ్యా ఒకే కంచంలో తింటున్నారు. ఈసారి మూతి ముడుచుకోవడం సాయిదుర్గ వంతయింది. పదో తరగతి అయ్యేదాకా ఆ ముగ్గురిలో ఎవరో ఒకరు అలుగుతూనే ఉన్నారు.

2004లో కొత్తపేటలో అన్నపూర్ణ పెళ్ళికి ఇద్దరూ వచ్చారు. ఫొటోలో పెళ్ళికూతురి పక్కన ఎవరు నిలబడాలో తేలక మాటామాటా పెరిగింది. సర్దిచెప్పవలసిన పెళ్ళికూతురు, తనకోసం ఇద్దరూ పోట్లాడుకోవడం ఎంతో బావుండి, కాసేపు ఏమీ అనకుండా ఊరుకుంది.