గోల్‌కీపర్ కుడిచెయ్యి

నా చిన్నప్పుడు దిల్‌సుఖ్‌నగర్ అంటే ఊరి బయట అనే లెక్క. ఇప్పుడు మెట్రో స్తంభాల కింద నిలబడి ఆ మాట చెబితే మా మనవడు నవ్వుతాడు. నవ్వనీ, వాడు చూశాడా పెట్టాడా! ఎండాకాలంలో సరూర్‌నగర్ చెరువు వెనక్కి జరిగితే, ఆ ఎండిన నేల మీద కుర్రాళ్లు ఉత్త కాళ్లతో ఫుట్‌బాల్ ఆడేవాళ్లు. ఇప్పుడు ఎల్‌బీ నగర్ చౌరస్తా ఉన్న చోట విజయవాడ రోడ్డు, రెండు పక్కలా కంపచెట్లు, అప్పుడప్పుడూ ఒక లారీ. మేం నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చిన క్రైస్తవులం. మా నాయిన మలక్‌పేట వైపు ఒక కార్ఖానాలో పనిచేసేవాడు. మేం కిరాయికి ఉన్న ఇంట్లో రెండు వాటాలు, మధ్యలో ఒకటే వాకిలి, ఒకటే చేదబావి.

రెండో వాటాలో కోస్తా నుంచి వచ్చిన కుటుంబం ఉండేది. ఇంటాయన సర్కారు ఆఫీసులో గుమాస్తా. వాళ్లమ్మగారు మొదట్లో తన బిందె మా బిందెకు తగలకుండా దూరంగా పెట్టుకునేది. వాళ్ల అమ్మాయికి ఆ పట్టింపులేవీ లేవు. నేను ఆమెను పక్కింటి అక్క అని పిలిచేదాన్ని. అక్క డ్రాయింగ్ పరీక్షలకు తయారవుతుండేది. బడి నుంచి రాగానే పుస్తకాల సంచి ఒక మూలకు విసిరేసి నేను వాళ్ల గడపలో వాలేదాన్ని. "మన ఇల్లు ఇటున్నదే!" అని అమ్మ అరిచేది.

ఆ ఏడు ఒక పిప్పరమెంటు కంపెనీ కొత్త పత్తాలు వదిలింది. మా వైపు పేకముక్కను పత్తా అంటాం. పిప్పరమెంటు పొట్లంలో పేకముక్కంత అట్ట, దాని మీద ఒక ఫుట్‌బాల్ ఆటగాడి రంగుల బొమ్మ. జట్టు మొత్తం కూడబెట్టాలి. కొత్త పత్తాలు దుకాణానికి వచ్చిన రోజు వీధి పిల్లలందరం మా వాకిట్లో కూర్చుని, ఏది బాగుంది, ఏది బాగాలేదు, దేనికి ఎన్ని మారకం అన్నది తేల్చేవాళ్లం. అక్కడ తేలిందే వీధంతా చెల్లుబాటు. ఆ మగపిల్లల మధ్య ఆడపిల్లను నేనొక్కదాన్నే. నోరు పెద్దది కనక కూర్చోనిచ్చారు.

అందరూ గోల్స్ కొట్టే సెంటర్ ఫార్వర్డ్ పత్తా కోసం చొక్కాలు చింపుకున్నారు. బంగారు రంగు అంచు, ఎర్ర చొక్కా, నూనె రాసినట్టు తళతళ. గోల్‌కీపర్ మాత్రం ఎవరికీ అక్కర్లేదు. అచ్చు వేసిన పెద్ద కాగితంలో అతని బొమ్మ అంచుకు పడినట్టుంది, అట్టలు కోసేటప్పుడు కత్తి అతని కుడిచేతిని మణికట్టు దగ్గర కోసుకుంటూ పోయింది. ఏ పొట్లం విప్పినా అదే అవిటి గోల్‌కీపర్. "బేకార్ పత్తా" అని పిల్లలు దానికి పేరే పెట్టేశారు.

నాకు ఒళ్లు మండింది, ఎందుకంటే మా ఇంట్లోనే ఒక గోల్‌కీపర్ ఉన్నాడు. మా నాయిన తమ్ముడు, మా చిన్నాయన. మా వంశంలో మొదట డిగ్రీ పాసైంది ఆయనే. ఉద్యోగం మాత్రం లేదు. ఆదివారం ప్రార్థన కాగానే బైబిలు నా చేతిలో పెట్టి చెరువు దగ్గరికి పరుగెత్తేవాడు. ఆయన నిలబడితే గోలులో ఈగను కూడా వాలనివ్వడని పేరు. నేను ఆ పత్తా తీసుకెళ్లి చూపిస్తే ముఖం మాడ్చుకున్నాడు. "కాలు కోసినా ఊకుందు. గోల్‌కీపర్‌కు చెయ్యి కోస్తరానే?" అన్నాడు.

పత్తాలన్నీ ఒళ్లో పోసుకుని అక్క దగ్గరికి పోయాను. అక్క వాటిని బట్టలు ఉతికే బండ మీద వరసగా పరిచింది. తర్వాత నా బొటనవేలు పట్టుకుని సెంటర్ ఫార్వర్డ్ ముఖం మీద పెట్టింది.

"ముఖం మూసి చూడవే. ఇప్పుడు చెప్పు, ఇతనేం చేస్తున్నాడు?"

చూశాను. ఏమీ చేయడం లేదు. బట్టల కొట్టు ముందు నిలబెట్టిన బొమ్మలాగా ఉన్నాడు. ఒక్కొక్కరి ముఖమే మూసి చూసుకుంటూ పోయాం. అందరూ అంతే. పైన పటారం, లోన లొటారం. చివరికి గోల్‌కీపర్ ముఖం మీద వేలు పెట్టేసరికి నాకు ఎక్కడ లేని సంతోషం వేసింది. మోకాళ్లు వంగి ఉన్నాయి, నడుము ఒక పక్కకు తిరిగి ఉంది, ఎడమచెయ్యి చాచి ఉంది. బొమ్మలో లేని బంతి ఎటునుంచి వస్తుందో తెలుస్తోంది.

"మిగతావాళ్లంతా ఫొటోకి నిలబడ్డారు. ఇతనొక్కడే ఆటలో ఉన్నాడు," అంది అక్క. "ముఖమూ, పేరూ, ఊరూ చూసి దేనికీ వెల కట్టకూడదు. అవన్నీ మూసేశాక ఏం మిగిలిందో చూడాలి."

ఆ మాట అప్పుడు నాకు పత్తాల సంగతిగానే అర్థమైంది. అక్క ఊరుకోలేదు. అట్ట అంచుకు మైదా జిగురుతో తెల్లకాగితం ముక్క అతికించింది. ఇక దాని మీద చెయ్యి వెయ్యాలి. ఎవరి చెయ్యి చూసి వెయ్యను అని అక్క అడగడమే ఆలస్యం, నేను లోపలికి పరుగెత్తి చిన్నాయనను ఈడ్చుకొచ్చాను.

ఆ మధ్యాహ్నం నాకు కళ్లకు కట్టినట్టు ఉంది. చిన్నాయన బావి పక్కన చెయ్యి చాపి నిలబడ్డాడు. అక్క ఇటు బండ మీద కూర్చుని గీసింది. మధ్యలో నేను. వసారాలో అమ్మ బియ్యంలో రాళ్లేరుతూ ఉంది. చిన్నాయన చిటికెనవేలికి ఎప్పుడో బంతి తగిలి అది కొంచెం బయటికి వంగి ఉండేది. అక్క దాన్ని కూడా ఉన్నది ఉన్నట్టు గీసింది. చెయ్యి నొప్పిగా ఉందేమో, కాసేపు దించండి అని అక్క అంటే, "బంతి రానియ్యి. గప్పటిదాంక ఇట్లనే ఉంట," అన్నాడు చిన్నాయన. ఆయన గొంతు అంత మెత్తగా ఉండగలదని నాకు అంతవరకూ తెలియదు. పొద్దు వాలింది. "గోరంత చెయ్యి గీసుడుకు గింత సేపా?" అని అమ్మ తనలో తాను అనుకుంటున్నట్టే గట్టిగా అంది. అక్క ఎర్రబడి కుంచె కడిగేసింది.

ఆ పత్తా చూసి వీధి పిల్లలు నోళ్లు వెళ్లబెట్టారు. ఎన్ని ఇస్తామన్నా నేను మారకానికి ఇవ్వలేదు.

తర్వాత కొద్ది రోజులకే గోడల మీద జై తెలంగాణ అని రాతలు వెలిశాయి. బళ్లు మూసేశారు. మాకు సంబరమే, కానీ ఇంట్లో ఎవరూ నవ్వడం లేదు. చిన్నాయన రోజూ ఊరేగింపులకు పోయేవాడు. ఎందుకు పోడు? ఎన్ని దరఖాస్తులు పెట్టినా పిలుపు లేదు. "మన జాగల మనకు కుర్సీ లేదా?" అని నాయినతో అనేవాడు. అది నిజమైన బాధ. ఈ రోజుకూ ఆ మాట తప్పని నేననను. అంతకుముందు చిన్నాయనా, అక్క వాళ్ల నాన్నగారూ ఒకటే పేపరు తెప్పించుకుని చెరిసగం పంచుకుని చదివేవాళ్లు. ఆ పంపకం ఆగిపోయింది. పెద్దాయన తలుపు వేసుకుని కూర్చునేవాడు. దుకాణంలో అక్క మాట్లాడగానే, ఆ యాస విని అందరూ తిరిగి చూసేవాళ్లు. అందుకని అక్క బయటికి పోవడం మానేసింది. వాళ్లకు ఉప్పూ పప్పూ నేనే తెచ్చిచ్చేదాన్ని.

ఒక సాయంత్రం వీధిలోకి గుంపు వచ్చింది. వాళ్లలో చిన్నాయనతో కలిసి బంతి ఆడినవాళ్లు కూడా ఉన్నారు. ఆంధ్రోళ్లను బయటికి పంపమని కేకలు వేశారు. అమ్మ అక్కనూ వాళ్లమ్మగారినీ చేతులు పట్టుకుని మా వాటాలోకి లాక్కొచ్చి బియ్యం డబ్బాల వెనక కూర్చోబెట్టింది. నాయిన ఇంకా పని నుంచి రాలేదు. చిన్నాయన పోయి వాకిలి దర్వాజలో అడ్డంగా నిలబడ్డాడు.

నేను బావి దగ్గర నిలబడ్డాను. నాకు ఆయన వీపే కనబడుతోంది. వంగిన మోకాళ్లు, ఒక పక్కకు తిరిగిన నడుము, చాచిన రెండు చేతులు. ముఖం కనబడలేదు. కనబడాల్సిన పని కూడా లేదు.

"నువ్వు మనోడివా, వాళ్లోడివా?" అని ఎవరో అరిచారు.

"మీ ఎంబడే నడిచిన. రేపు గూడ నడుస్త," అన్నాడు చిన్నాయన. "గాని గీ ఇంట్ల ఆడోళ్లున్నరు. ఎవ్వరు లోపటికి రావద్దు."

అప్పుడే అక్క, వాళ్ల నాన్నగారిని కూడా మా వైపు తీసుకురావాలని కాబోలు, వాకిట్లోకి వచ్చింది. గుంపు వెనక నుంచి ఒక రాయి లేచింది. సూటిగా అక్క వైపే. చిన్నాయన ఆలోచించలేదు. ఆలోచించే వ్యవధి ఎక్కడిది? ఎన్నో ఏళ్ల అలవాటు, కుడిచెయ్యి తనంతట తాను లేచింది. ఆ రాయి అక్క దాకా రాలేదు. ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను. ఆయనతో ఆడినవాడొకడు "అయ్యో, అన్నా" అని ఏడుపు గొంతుతో అనడం వినబడింది. ఒక్కొక్కరే తలలు దించుకుని వెళ్లిపోయారు.

ఆ రాత్రే కర్ఫ్యూ పెట్టారు, దవాఖానకు పోయే దారి లేదు. కట్టు కట్టే ముసలాయనను దొడ్డిదారిన పిలిపించి వెదురుబద్దలతో కట్టించారు. తర్వాత ఎముక అతికింది, కానీ వంకరగా అతికింది. అరచెయ్యి మళ్లీ పూర్తిగా తెరుచుకోలేదు.

ఆ వారంలోనే అక్క వాళ్లు వెళ్లిపోయారు. తెల్లవారుతుండగా లారీ వచ్చింది, అందులో అప్పటికే అటు పోయే ఇంకో రెండు కుటుంబాలున్నాయి. వద్దంటున్నా వినకుండా చిన్నాయన ఒంటిచేత్తో పెట్టెలు ఎత్తించాడు. అక్క వాళ్ల నాన్నగారు ఆయన భుజం మీద చెయ్యి వేసి అట్లాగే నిలబడిపోయాడు. ఎప్పుడూ బిందె దూరంగా పెట్టుకునే వాళ్లమ్మగారు మా అమ్మను కావలించుకుని ఏడ్చింది. చిన్నాయనా అక్కా మాత్రం చెరో పక్క నిలబడ్డారు. ఇద్దరూ నేలనే చూస్తున్నారు.

లోపలికి ఉరికి నా పత్తా తెచ్చి అక్క చేతిలో పెట్టాను. అక్క గోల్‌కీపర్ ముఖం మీద బొటనవేలు పెట్టి, ఆ చెయ్యి వంక చాలాసేపు చూసింది.

"నీ జట్టుకి చెయ్యున్న గోల్‌కీపర్ ఉండడు కదే," అంది.

"మా ఇంట్ల ఉన్నడు గదా అక్కా," అన్నాను.

ఆ మాటకు అక్క బావురుమంది. ఎందుకో నాకప్పుడు తెలియదు. ఆయన ఇక ఎన్నడూ గోలులో నిలబడలేడని పెద్దవాళ్లందరికీ అప్పటికే తెలుసు. నాకెవరూ చెప్పలేదు.

దారిలో ఎవరూ ఆనవాలు పట్టకుండా అక్క తలమీదుగా పమిట ముఖమంతా కప్పుకుని లారీలో మూటల మధ్య కూర్చుంది. నేను విజయవాడ రోడ్డు దాకా వెనక పరుగెత్తాను. దుమ్ములో ఆడవాళ్లందరూ ఒకేలాగా కనబడ్డారు. ఒక చెయ్యి మాత్రం అట్టముక్కను గుండెకు హత్తుకుని ఉంది. అది అక్క అని నాకు తెలుసు.

మళ్లీ ఉత్తరం ముక్క రాలేదు. కొంతకాలం పోయాక చిన్నాయన, "ఆ పత్తా ఏదే?" అని అడిగాడు. అక్కకిచ్చినానని చెప్పాను. కొడతాడేమో అనుకున్నాను. ఆ వంకర చేత్తోనే నా తల నిమిరి లేచిపోయాడు. తర్వాత ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నాడు, బడిపంతులయ్యాడు, పెళ్లయింది, పిల్లలు పుట్టారు. పిల్లలు ఆడుతుంటే గీత బయట నిలబడి చూసేవాడు. బంతి తన వైపు దొర్లి వచ్చినా కాలితోనే తన్నేవాడు, చెయ్యి పెట్టేవాడు కాదు.

తెలంగాణ వచ్చిన రోజు, అప్పటికి ముసలివాడైన చిన్నాయన వీధంతా మిఠాయి పంచాడు. అంత సంతోషం నేను ఆయనలో ఎన్నడూ చూడలేదు. రాత్రి భోజనాల దగ్గర, ఇంకెవరూ వినడం లేదనుకుని, "ఆమెకు గూడ తెలిసే ఉంటది గదా," అన్నాడు నాతో. అవునన్నాను.

ఆయన పోయినప్పుడు పెట్టెలో పడుకోబెట్టి, చేతులు ఛాతీ మీద జోడించబోతే ఆ కుడి మణికట్టు వంగలేదు. చివరికి అట్లాగే వదిలేశారు. ముఖం మీద తెల్లగుడ్డ కప్పారు. బయటికి వంగిన ఆ చిటికెనవేలు చూస్తూ నేను పక్కనే కూర్చున్నాను. ఎక్కడో కృష్ణ అవతల, ఏ పెట్టె అడుగునో, పత్తా మీది ఆ చెయ్యి ఇంకా నిండుగా తెరుచుకునే ఉంటుందని చెప్పుకుని ఏడ్చాను.

ఇప్పుడు మా మనవడు ఫోనులో తెప్పించుకున్న ఫుట్‌బాల్ కార్డులు పట్టుకొస్తాడు. అన్నీ అద్దంలాగా మెరుస్తాయి. దేనికెంత ధరో గడగడా చెప్పి, "ఏది బాగుందో చెప్పు నానమ్మా," అంటాడు. నేను కళ్లజోడు తుడుచుకుని, ఒక్కొక్క ముఖం మీదా బొటనవేలు పెట్టి చూస్తాను.

"ముఖం మూస్తే ఇంకేం కనబడుతుంది?" అని వాడు నవ్వుతాడు.

"ఉండు బిడ్డా," అంటాను. "బంతి ఎటుకెల్లి వస్తున్నదో చూస్తున్న."