అమ్మోరికి కొట్టిన డప్పు

సేవకు వెళ్లబోయే కుర్రకారు అప్పుడప్పుడు నన్ను పిలిచి, మిషనరీ అనేవాడు ఎలా ఉండాలో నాలుగు ముక్కలు చెప్పమంటారు. మా నాన్న ఉపదేశి కదా, నా దగ్గర మంచి మాటలు దొరుకుతాయని వాళ్ల ఆశ. నేను చెప్పేది వాళ్లకు రుచించదు. అయినా చెబుతాను.

యుద్ధం రోజుల్లో మేం గురజాల దగ్గర ఒక మాదిగపల్లెలో ఉండేవాళ్లం. నాన్న అక్కడ బడి నడిపేవాడు, ఆదివారం గుడిలో వాక్యం చెప్పేవాడు. మిషనరీ తెల్లదొర ఎప్పుడో ఏడాదికోసారి వచ్చి బాప్తిస్మాలిచ్చి పోయేవాడు. మిగతా రోజుల్లో జ్వరాలకూ తగువులకూ చావులకూ నాన్నే దిక్కు.

ఆ పల్లెలో అందరికంటే ముందు బాప్తిస్మం పుచ్చుకున్న పెద్దాయనను నేను పెదనాయనా అని పిలిచేదాన్ని. డప్పు కొడితే ఆయనే కొట్టాలనేవాళ్లు. దేవుణ్ణి నమ్ముకున్నాక దాన్ని చూరులో దోపేశాడు. అమ్మవారి కొలుపులో డప్పు కొట్టినవాణ్ణి సంఘంలోంచి వెలివెయ్యాలనీ, చస్తే క్రైస్తవుల సమాధుల దొడ్డిలో చోటివ్వకూడదనీ మిషను కట్టడి.

ఒక ఎండాకాలం కలరా వచ్చింది. అప్పటికే పల్లె బావి అడుగంటింది. ఊరి బావిలో మేం చేద వెయ్యకూడదు. కడవలు కింద పెట్టి నిలబడితే ఎవరైనా దయతలచి తోడి పొయ్యాలి. ఊళ్లోవాళ్లు కలరా పోవాలని అమ్మవారికి కొలుపు మొక్కుకున్నారు. డప్పు పల్లె నుంచే రావాలి, రాకపోతే చుక్క నీళ్లు పొయ్యబోమన్నారు. పల్లె ఓర్చుకున్నంత ఓర్చుకుంది. చివరికి పెదనాయన డప్పు తీసుకుని మా ఇంటి ముందుకొచ్చాడు.

"అయ్యా, పిల్లోళ్లు దాహంతో చచ్చేటట్టున్నారు. నేను పోయి కొడతా."

"దేవుడు చూస్తాడు, ఓర్చుకో" అన్నాడు నాన్న.

"ఆయన చూసిందాకా వీళ్లు బతికుండొద్దూ?"

వెళ్లి కొట్టాడు. కడవలు నిండాయి. మా ఇంట్లో కడవ కూడా నిండింది. ఆ నీళ్లు నాన్న తాగాడు, నేనూ తాగాను. ఆదివారం నాడు నాన్న గుడిలో నిలబడి పెదనాయనను వెలివేసినట్టు చెప్పాడు.

వారం తిరక్కుండానే పెదనాయనకు వాంతులు పట్టుకున్నాయి. తెల్లారేసరికి పోయాడు. ఆయన భార్య, మా పెద్దమ్మ, వచ్చి మా గడపలో కూలబడింది.

"అయ్యా, దొడ్డిలో కాస్త జాగా ఇప్పించు. ఆయన గుళ్లో పేర్దన ఏనాడూ మానలేదయ్యా."

"దొరగారిని అడక్కుండా నేనేం చెయ్యలేనమ్మా" అన్నాడు నాన్న. దొర ఎండలకు తాళలేక కొండల మీదికి వెళ్లి ఉన్నాడు. ఎవరిని అడిగేది?

ఇంట్లోంచి అమ్మ వచ్చింది. "ఏందయ్యా నువ్వు? ఆయన పుణ్యాన వచ్చిన నీళ్లు దొరనడిగే తాగావా?"

అయినా నాన్న ఒప్పుకోలేదు.

పాత వల్లకాటికి మోసుకుపోతే, బాప్తిస్మం పుచ్చుకోని సొంత అన్నదమ్ములు అడ్డం పడ్డారు. మతం మారినోణ్ణి మా పెద్దోళ్ల పక్కన పెట్టనియ్యం అన్నారు. రెంటికీ చెడ్డ రేవడి అంటారే, శవానికి కూడా ఆ గతి పడుతుందని అప్పుడే చూశాను. చివరికి నాపరాళ్లు తీసి వదిలేసిన గుంటలో పెట్టారు. అడుగంతా రాయి, లోతు తవ్వడానికి లేదు. నక్కలు లాగకుండా పైన బండలు పేర్చి తుమ్మకంప కప్పారు. నాన్న దూరంగా నిలబడ్డాడు. పైకి ఒక్క ప్రార్థన చెయ్యలేదు. ఆ రోజు నాన్నంటే నాకు అసహ్యం వేసింది.

వానలు పడ్డాక దొర వచ్చాడు. నాన్న సంగతంతా చెప్పాడు. దొర నిజంగానే బాధపడ్డాడు.

"అయ్యో, అతనిని దొడ్డిలోనే పెట్టి ఉండవలసినది. అటువంటి కాలమందు నేను ఏమి అందును?" అన్నాడు తన పుస్తకాల తెలుగులో.

ఆ సాయంత్రమే నాన్న పెద్దమ్మ గుడిసెకు వెళ్లాడు. నేనూ వెంట వెళ్లాను. దొరగారు కాదనేవారు కాదట, నాకు తెలియలేదమ్మా అని ఏడుస్తూ చెప్పాడు. పెద్దమ్మ చెరుగుతున్న చేట పక్కన పెట్టి అంతా విన్నది. ఆమెకు కోపం రాలేదు.

"ఆ దొర మొగం మేం ఎన్నిసార్లు చూశామయ్యా? మాకు దొరవి నువ్వేగా. నువ్వు వద్దన్నావు."