బాయి మనిషి, తుమ్మ మొద్దు

లక్సెట్టిపేటలో కొమురెల్లి ఇంటి వెనక, రేకుల కింద, ట్రాలీ నిండా వచ్చిన తుమ్మ మొద్దులు మూడు నెలలుగా ఎండుతున్నాయి. ఆదివారం ఇంట్లో మల్లన్న దేవుని కొలుపు, పట్నాలు. మూడు వందల మందికి వంట. ఇవాళ గురువారం. పొద్దున్నుంచి కొమురెల్లి పగలగొట్టినవి రెండంటే రెండు మొద్దులు. అందులో ఒకటి వచ్చినప్పుడే సగం పగిలి ఉంది.

మందమర్రి బొగ్గుబాయిలో ముప్పై రెండేళ్లు బొగ్గు పగలగొట్టి, తట్టకెత్తి, మోసిన మనిషాయన. ఆ భుజాలు చూసి ఇప్పటికీ బస్సులో జనం పక్కకు జరుగుతారు. కానీ బాయి మీద కాపురమున్నన్నాళ్లూ ఆ ఇంటి పొయ్యిలో మండింది బొగ్గే. రిటైరై ఇక్కడ ఇల్లు కట్టుకున్నాక గ్యాసు. అంటే గొడ్డలితో ఆయనకు ఎన్నడూ పని పడలేదు. ఈ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఆయనకూ గుర్తు రాలేదు, చిక్కంతా అక్కడే వచ్చింది.

బామ్మర్ది శ్రీహరి తన చెలక గట్టు మీది తుమ్మలు నరికించి పంపిన రోజున మంచి మాటే చెప్పాడు.

"బావా, కట్టెలు కొట్టే మా హనుమంతును పంపుత. రెండ్రోజులల్ల కొట్టి పడేస్తడు."

పది మంది చుట్టాలు చాయ తాగుతూ వింటున్నారు. కొమురెల్లి గ్లాసు కింద పెట్టాడు.

"బాయిల బండలసొంటి బొగ్గు పగులగొట్టినోన్ని. గీ కట్టెలకు ఇంకోడెందుకురా? మల్లన్న పొయ్యిల నా చేతి కట్టెలే మండాలె. ఇంకో చెయ్యి పడద్దు."

"గట్లయితే పచ్చిగున్నప్పుడే కొట్టు," అంది భార్య బుచ్చవ్వ లోపలి నుంచి.

"నీకేం ఎరుకనే? బొగ్గు ఎండితే పెళుసైతది. కట్టె గూడ గంతే. ఎండనియ్యి."

తుమ్మ ఎండింది. ఎండి ఇనుమైంది. గొడ్డలి వేస్తే టంగుమని మోగి వెనక్కి ఎగురుతోంది. బలమంతా పెట్టి ఒకసారి నడిమధ్యన వేశాడు. గొడ్డలి దిగింది. దిగి ఇక రానంది. గుంజాడు. కాలు పెట్టి తన్ని గుంజాడు. చివరికి గొడ్డలితో పాటు మొద్దును కూడా నెత్తి మీదికి ఎత్తి నేలకు కొట్టాడు. మొద్దు పగల్లేదు, కింద పరిచిన షాబాద్ బండ పగిలింది.

అప్పుడే ఫోను మోగింది.

"బావా, కట్టెలు ఏడిదాక వచ్చినయ్?"

"అయిపోవచ్చినయ్‌రా," అన్నాడు, అరచేతి బొబ్బ ఊదుకుంటూ.

బుచ్చవ్వ వెనక గడప మీద కూర్చుని బియ్యంలో రాళ్లేరుతోంది.

"నవ్వుతున్నవా?"

"రాళ్లేరుతున్న."

"మొకం అటు తిప్పి ఏరు."

శుక్రవారం పొద్దున గొడ్డలి కామ విరిగింది. విరిగిన ముక్కను గోడ అవతలికి విసిరికొట్టాడు. అది పక్కింటి శంకరవ్వ కోళ్ల గంప మీద పడింది. ఆమె ఏమందో ఇక్కడ రాయడం బాగుండదు.

"నడుమల కొడ్తున్నవు. అంచుపొంట కొట్టుకుంట రావాలె," అంది బుచ్చవ్వ, ఇక ఉండబట్టలేక.

"నాకు చెప్తున్నవా?"

"గోడకు చెప్తున్న."

కొత్త కామ కోసం బజారుకు పోయాడు. నిజానికి తొవ్వలో రెండు సార్లు హనుమంతు నంబరు తీశాడు, రెండు సార్లూ జేబులో పెట్టుకున్నాడు. పది మందిలో అన్న మాట అడ్డం పడింది. దేవుని పేరు మీద అన్నాడాయె.

తిరిగొచ్చేసరికి ఇంటి వెనక టప్, టప్‌మని చప్పుడు. గోడ చాటు నుంచి తొంగిచూశాడు. బుచ్చవ్వ కొంగు నడుముకు చుట్టి, శంకరవ్వ గొడ్డలి పట్టుకుని, మొద్దు అంచు మీద వేస్తోంది. పెద్ద బలమేమీ పెట్టడం లేదు. పగుళ్లు ఎటుంటే అటు, రొట్టె తుంచినట్టు, ఒక్కో పేడు విడిపోతోంది. నాలుగు మొద్దులు అప్పటికే కుప్పయ్యాయి.

కొమురెల్లికి ఇల్లు తప్పొచ్చినట్టు వెనక్కి మళ్లాలనిపించింది.

"నిలవడి సూడకు. తట్ట తే," అంది ఆమె, ఇటు చూడకుండానే.

తట్ట తెచ్చాడు. ఎత్తాడు, మోశాడు, పేర్చాడు. ముప్పై రెండేళ్లు చేసిన పని, అది మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది.

"ఏడ నేర్సినవే?"

"మా బాపు ఇంట్ల. శ్రీహరిగాడు ఇంకా పుట్టలే."

"మొన్న చెప్తే ఏం పాయె?"

బుచ్చవ్వ గొడ్డలి ఆపి ఆయన వైపు చూసింది. కొమురెల్లి మరో తట్ట ఎత్తుకున్నాడు.

శనివారం పొద్దుగూకే వేళకు రేకుల కింద ఒక్క మొద్దు లేదు.

ఆదివారం పొయ్యిలు భగభగ మండాయి. వాకిట్లో రంగుల ముగ్గుతో పట్నం వేసి ఉంది, మల్లన్న కథ చెప్పే ఒగ్గువాళ్లు డోలు కొడుతున్నారు. శ్రీహరి ఒక పేడు చేతిలోకి తీసుకుని అందరికీ చూపించాడు.

"సూడుండ్రి, అన్నీ ఒక్క తీరుగున్నయ్. బాయి మనిషంటే గట్లుండాలె!"

అందరూ ఇటు తిరిగారు. ఇంకో చోటైతే కొమురెల్లి మీసం దువ్వేవాడే. ఎదురుగా మల్లన్న ఉన్నాడు.

"నేను కాదురా. మీ అక్క కొట్టింది. నేను మోసిన."

వాకిలంతా నవ్వులు.

"అగో, గప్పుడే అక్క మీద నూకుతుండు!" అన్నాడు శ్రీహరి. "ఎందుకో నాకెరుకే బావా. మా పెద్దోని పెండ్లికి ట్రాలీడు చింత మొద్దులు తెప్పిస్తున్న. నువ్వే రావాలె, తప్పిచ్చుకుంటే ఇడువ."

"ఒట్టురా, నిజంగ..."

ఆ మాటకు ఇంకా గట్టిగా నవ్వారు. కొమురెల్లి దిక్కులు చూశాడు. పొయ్యి దగ్గర బుచ్చవ్వ గంటె రెండో చేతికి మార్చుకుని, బొబ్బలెక్కిన చేతిని కొంగు కింద పెట్టుకుంది.

"వస్తడు తమ్మీ," అంది. "మొద్దులు పచ్చిగున్నప్పుడే గొడ్డలి పట్టుమని చెప్త. నేను గూడ ఎంబడి వస్త. తట్ట మోసెటానికి."