సీడీ మీద అతికించిన చీటీ

ఇరవయ్యో శతాబ్దపు సెల్లో, పియానో సంగీతం ఉన్న సీడీ ఒకటి మా వనపర్తి గ్రంథాలయంలో ఉంది. అందులో చివరి రచన ఎందుకు పూర్తిగా మోగదో రాయడానికి రిజిస్టర్‌లో గడి లేదు. ఇంటికి తీసుకెళ్లినవారు తమ యంత్రం చెడిపోయిందనుకోకూడదని ఈ కాగితం మీద రాసి సీడీతో పెడుతున్నాను.

నా చదువు పదో తరగతి దాటలేదు. మోకాళ్ల మధ్య నిలబెట్టి కమానుతో వాయించే పెద్ద తంత్రీవాద్యాన్ని సెల్లో అంటారని ఆ గ్రంథాలయంలో కూర్చునే నేర్చుకున్నాను. ఎవరో ఇచ్చి వెళ్లిన పుస్తకాల పెట్టెలో ఈ సీడీ కనిపించిన రోజు అన్నానికి కూడా ఇంటికి పోలేదు. కొత్తగా వచ్చినవాటికి నంబరు చీటీలు అతికించే పని అక్కడ నాదే. అచ్చు మీద చీటీ పడకూడదన్నది మా పద్ధతి. సీడీకి ఒకవైపు నిండా అక్షరాలు, రెండోవైపు అద్దంలా ఖాళీ. ఖాళీవైపు, అంచున, వంకర లేకుండా అతికించాను.

వినే సాధనం మా ఊళ్లో దొరకక గద్వాలలో పాత కంప్యూటర్లు బాగుచేసే దుకాణానికి తీసుకెళ్లాను. దుకాణదారు తిప్పి చూశాడు.

"ఏంది సారూ, గీ చీటీ ఎవలు పెట్టిండ్రు?"

"నేనే."

"మంచిగ పెట్టిండ్రు! పాటలన్నీ గీ మెరిసే దిక్కే ఉంటయి. గన్ని పుస్తకాలు చదివిండ్రు, గింత తెల్వదా?"

నాకు తల కొట్టేసినట్టయింది. "ఆగుండ్రి, తడిగుడ్డతోని తీస్త" అంటున్నా వినకుండా తాళంచెవితో గీకేశాను. చీటీ పోయింది, గీతలు మిగిలాయి.

మొదటి మూడు రచనలు చక్కగా మోగాయి. సీడీ అంచు దగ్గర ఉండే చివరిది, నాలుగోది, సగంలో చిక్కుకుంది. సెల్లో అవే రెండు స్వరాల దగ్గర ఎక్కిళ్లు పెట్టింది. చివర్లో పియానో ఆగిపోతుందనీ, సెల్లో ఒక్కటే మిగులుతుందనీ సీడీతో వచ్చిన చిన్న పుస్తకంలో ఉంది. నిఘంటువు పెట్టుకుని ఆ పేజీ ఎన్నిసార్లు చదివానో! చదివినదేదీ చెవికి ఎక్కదు కదా.

"గదే రచన ఫోన్ల వినుండ్రి అన్నా, జర పరేషాన్ తగ్గుతది" అంది మా గ్రంథపాలకురాలు. విన్నాను. వాయించినవారు వేరు, వేగం వేరు. మా సీడీలోని ఇద్దరూ వాయించింది ఎక్కడా దొరకలేదు.

సాయం చేసినవారి పేర్లు రాస్తే నా తప్పులో వారికీ వాటా ఉందనుకుంటారు. అందుకే పేర్లు లేకుండానే, మూడు కంప్యూటర్లలో పెట్టి చూసిన దుకాణదారుకూ, చీటీల పని ఇంకా నాకే ఇస్తున్న గ్రంథపాలకురాలికీ కృతజ్ఞతలు. పెట్టె ఇచ్చినవారెవరో తెలియదు. వారికీ కృతజ్ఞతలు. మరో ప్రతి వారి దగ్గర ఉంటే, నా చేతికి ఇవ్వనక్కర్లేదు, ఒక్కసారి చివరిదాకా వినిపిస్తే చాలు.